చెలమ నీళ్ళు ఊరినంతసేపు

సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, మా సంఘంలో తాగుబోతు భర్త కోసం ప్రార్థించమని పాస్టరయ్యకు చీటీ రాసిచ్చే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, కాని తాగుబోతు భార్య కోసం చీటీ రాసిచ్చిన మగవాడు మా ఆయన ఒక్కడే! ఆ భార్యను నేనే. నా పేరు శాంతమ్మ. డోన్‌కు అవతల, కొండల కింద ఉండే చిన్న ఊరు మాది. యాభై ఏళ్ళు దాటాక సంఘం వారి రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఈ సాక్ష్యం ఎవరి చేతా రాయించకుండా నేనే రాస్తున్నాను.

నాపరాళ్ళ గనిలో పద్దెనిమిదేళ్ళు బండలు మోశాను. సాయంత్రానికి నడుము రెండు ముక్కలైనట్టు ఉండేది. లారీకి ఎత్తే మగవాళ్ళు ఒక గుక్క వేసుకుని ఒళ్ళు నొప్పులు మర్చిపోయేవారు, ఒకరోజు నేనూ ఒక గుక్క తాగాను, ఆ రాత్రి చిన్నపిల్లలా నిద్రపోయాను. అంతే, అంత సులభంగా మొదలైంది! గుక్క గ్లాసైంది, గ్లాసు సీసా అయింది, సాయంత్రం తాగేదాన్ని మధ్యాహ్నానికే తాగడం మొదలుపెట్టాను, చివరికి పొద్దున లేస్తూనే చేతులు వణుకుతుంటే ఆ వణుకు ఆగడానికి తాగేదాన్ని. మా ఆయన చుక్క ముట్టని మనిషి. సారా అంగడి ముందు నుంచి నన్ను భుజం పట్టి నడిపించుకుని పోతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు నవ్వేవారు. "ఏమప్పా, మీ ఇంట్లో చీర ఎవురిది, పంచ ఎవురిది?" అని అడిగేవారు. ఆయన తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు. అది చూసి నాకు సిగ్గు రాకపోగా కోపం వచ్చేది, ఇంటికి వెళ్ళి ఆయన్నే తిట్టేదాన్ని.

మా మనవరాలు పుట్టిన మూడో నెలలో జరిగింది రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి ఆడడం లేదు. కోడలు సునీత నీళ్ళకు పోతూ, "అత్తా, ఈ పొద్దు తాగల్యా కదా?" అని అడిగింది. తాగలేదన్నాను. అబద్ధం! బిడ్డను నా ఒడిలో పెట్టి వెళ్ళింది, నేను అరుగు మీద గోడకు ఆనుకుని అట్లాగే నిద్రలోకి జారిపోయాను. తను బిందెతో తిరిగి వచ్చేసరికి నేను నోరు తెరుచుకుని పడి ఉన్నాను, బిడ్డ అరుగు మీద నుంచి జారి కింద పోసిన శెనక్కాయల పొట్టులో పడి ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. ఆ పొట్టు అక్కడ లేకపోతే కింద బండలే! దేవుడు ఆ బిడ్డను అరచేతితో పట్టుకున్నాడు. సునీత నన్ను తిట్టలేదు. బిడ్డను ఎత్తుకుని కోడుమూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆరు నెలలకు తిరిగి వచ్చింది, కాని ఆ రోజు నుంచి బిడ్డను ఒక్కసారి కూడా నా చేతికి ఇవ్వలేదు. నేనున్న గదిలో బిడ్డను వదిలి పక్క గదిలోకి కూడా పోయేది కాదు.

మా ఆయన చీటీ రాసిచ్చింది సునీత పుట్టింటికి పోయినప్పుడే. పాస్టరయ్య, పాస్టరమ్మగారు ఇంటికి వచ్చి నన్ను మోకరించమన్నారు. నా నోటి నుంచి వచ్చిన మొట్టమొదటి ప్రార్థన ఇది: "ప్రభువా, అబద్ధమెందుకు, నాకు మానాలని లేదు. మానాలని అనిపించేటట్టన్నా చెయ్యి." అటువంటి ప్రార్థనను కూడా ఆయన విన్నాడండి! పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను, అక్కడ మందులు ఇచ్చారు, ఇక్కడ సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది, రెండూ ఆయన చేతిలోవే. పన్నెండో రోజు బస్సు దిగినప్పటి నుంచి ఈ రోజు వరకు నా నాలుక మీద చుక్క పడలేదు.

కాని ఒక సంగతి నన్ను లోపల తొలిచేస్తూ ఉండేది. ఆసుపత్రి నుంచి వచ్చాక రెండేళ్ళ పాటు నన్ను ఎవ్వరూ ఒంటరిగా వదలలేదు. చేనికి పోతే మా ఆయన వెంట వచ్చేవాడు, అంగడికి పోతే కొడుకు, ఆరాధనకు పోతే పక్కింటి సహోదరి. మంచికే, ప్రేమతోనే. అయినా రాత్రి పడుకున్నాక ఒకటే ఆలోచన: నన్ను నిలబెట్టింది ప్రభువా, మా ఆయన కాపలానా? కాపలా తీసేస్తే నేను నిలబడతానా? ఈ సంగతి నాకే తెలియనప్పుడు, సునీత నన్ను ఎట్లా నమ్ముతుంది?

మా ఊరికి పైన మూడు కొండలు వరుసగా ఉంటాయి, బోడికొండ, నడిమికొండ, పెద్దకొండ. మా సంఘం ఏడాదికొకసారి బోడికొండ మీద కొండ ప్రార్థన పెట్టుకుంటుంది, అందరం కలిసి ఎక్కి మధ్యాహ్నానికి దిగిపోతాం. క్రిస్మస్ అయిపోయిన తర్వాతి వారం నేను ఇంట్లో చెప్పాను, మూడు కొండలూ ఎక్కి ఒక రాత్రి పైన ఉండి దేవునికి స్తుతి చెల్లించి వస్తానని, ఒక్కదాన్నే పోతానని.

"ఒక్కదానివే యాడికి పోతావే? ఎలుగులు తిరుగుతాండాయి. నేనూ వస్తా," అన్నాడు మా ఆయన.

"నువ్వొస్తే అది మనం పోయినట్టు అయితాది గానీ, నేను పోయినట్టు యాడైతాది?" అన్నాను.

పాస్టరయ్యకు కూడా ఇష్టం లేదు. "శాంతమ్మా, మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే శోధించే సాతాను వస్తాడమ్మా," అన్నారు. "అయ్యా, దేవుడు కూడా అప్పుడే వస్తాడు కదా," అన్నాను. ఆయన నవ్వి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పంపారు.

కొడుకు చదువుకునే రోజుల్లో వాడిన భుజాల బ్యాగు తీసుకున్నాను. నాలుగు జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, దుప్పటి, టార్చిలైటు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన బైబిలు, ఒక సీసా నీళ్ళు. ఒక్క సీసాయే! మా వైపు గొర్రెలు కాసేవాళ్ళు గాని కట్టెలకు పోయేవాళ్ళు గాని అంతకంటే మోయరు, ఎందుకంటే బోడికొండకు నడిమికొండకు మధ్య వంకలో, అంటే ఎండిన వాగులో, ఒక చెలమ ఉంది. ఇసకలో గుంట తీస్తే నీళ్ళు ఊరతాయి, ఎంత ఎండాకాలమైనా ఊరతాయి. దాని ధైర్యంతోనే నేనూ బయలుదేరాను.

బోడికొండ పొద్దున్నే ఎక్కేశాను. మోకాళ్ళు కొంచెం మూలిగాయి గాని బండలు మోసిన కాళ్ళు కదా, మాట విన్నాయి. పైన నిలబడి గట్టిగా పాటలు పాడాను, ఎవరూ వినడం లేదని ఇంకా గట్టిగా పాడాను! అక్కడే ఎక్కువసేపు ఉండిపోయాను, ఎండకు నీళ్ళన్నీ తాగేశాను, దిగువకు వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది, నాలుక అంగిలికి అతుక్కుపోయింది. వంకలోకి దిగుతున్నాను. ఇంకా చెలమ కనపడకముందే నా ముక్కుకు తెలిసిపోయింది.

సారా వాసన!

చెలమ పక్కనే బట్టీ పెట్టారు. పొయ్యి మీద డ్రమ్ము, డ్రమ్ము నుంచి గొట్టం, గొట్టం చివర నుంచి క్యానులోకి చుక్కచుక్కగా సారా పడుతోంది. అక్కడున్న మనిషి నన్ను చూసి ఉలిక్కిపడి లేచాడు. నేను తాగే రోజుల్లో మా ఊరి అంగడికి సరుకు తెచ్చేవాడు ఆయనే. అసలు పేరు రాయను, ఈరన్న అనుకోండి.

"ఓ, శాంతక్కా! పోలీసోళ్ళేమో అనుకొని ఉరికేదానికి లేచినా. వాసన పట్టుకొని ఇంత దూరం వచ్చినావా యేంది?"

"నీళ్ళకు వచ్చినా ఈరన్నా. ప్రార్థనకు పోతాండా కొండ మీదికి."

"ఒక్కదానివేనా? మీ ఇంటాయన యాడ?"

"ఒక్కదాన్నే."

అది విని ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. నేను చెలమ దగ్గరికి పోయి చూశాను. తడి ఇసక తప్ప చుక్క నీళ్ళు లేవు. గొట్టం చల్లబడాలి కాబట్టి ఆయన ఉన్నవన్నీ తోడి దాని మీద పోసేశాడు.

"ఇప్పుడే తోడేసినా అక్కా. మళ్ళా సీసా నిండాలంటే గంటైతాది. దేవుని పని మీద పోతాండావు కదా, ఆయప్పనే అడుగు నీళ్ళు," అంటూ ఒక గ్లాసులో సారా వంచి నా పక్కన బండ మీద పెట్టాడు. "అంతదాకా గొంతు తడుపుకో. మొదటి ధార, శానా బాగుండాది. ఈడ ఎవురికీ తెలీదు."

"నీకు తెలుస్తాది కదప్పా."

"నేనెవురికి చెప్తా? నా బట్టీ సంగతి నేనే చాటుకుంటానా?" అని నవ్వుకుంటూ కట్టెల కోసం వంక పైకి వెళ్ళిపోయాడు.

సహోదరులారా, ఇప్పుడు చూడండి నా పరిస్థితి. వెనక్కి పోదామన్నా, ముందుకు పోదామన్నా నీళ్ళు కావాలి. నీళ్ళు కావాలంటే గంటసేపు అక్కడే కూర్చోవాలి. నా ఎడమ చేతి వైపు నీళ్ళు ఊరుతున్నాయి, కుడి చేతి వైపు సారా కారుతోంది, నడుమ నేను! రెండేళ్ళు కాచిన మా ఆయన లేడు, సంఘం లేదు, పిలిస్తే పలికే మనిషి లేడు. నోట్లో నీళ్ళు లేవనుకున్నాను, ఆ వాసనకు నోరంతా ఊరింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎన్నడూ వణకని చేతులు వణికాయి. ఒక్క గుక్కే కదా, దాహానికే కదా, అని నా గొంతే నాతో చెప్పింది. నేను చెయ్యి చాపలేదని గొప్పలు చెప్పుకోను. చాపాను. గ్లాసు అంచు వేలికి చల్లగా తగిలింది.

అప్పుడు ఏడుస్తూ ప్రార్థించాను: "ప్రభువా, మా ఆయన ఈడ లేడు. నువ్వన్నా ఉండావా?"

ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు. వెలుగు కనపడలేదు. కాని నా చెయ్యి వెనక్కి వచ్చింది! నేను లాక్కున్నట్టు లేదు, ఎవరో మణికట్టు పట్టుకుని మెల్లగా తీసి నా ఒడిలో పెట్టినట్టు వచ్చింది. చెలమ అడుగున ఇసక కదిలింది, వేలెడు నీళ్ళు నిలిచాయి. సీసా మూతతో తోడి, ఇసకతో పాటే మింగాను. అయ్యో, ఆ రుచి! ఒక మూత తాగడం, ఊరేదాకా ఒక పాట పాడడం, మళ్ళీ ఒక మూత, మళ్ళీ ఒక పాట. చేతుల వణుకు ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు. నన్ను కాసింది ఎవరో ఆ బట్టీ పక్కన కూర్చుని తెలుసుకున్నాను. హల్లెలూయా!

ఈరన్న కట్టెల మోపుతో వచ్చాడు. ముందు గ్లాసు వైపే చూశాడు.

"తాగలేదా?"

"తాగలేదు."

ఆ గ్లాసు ఎత్తి జాగ్రత్తగా క్యానులో వంపుకున్నాడు, "పారబోస్తే ఏమొస్తాది" అని గొణుక్కుంటూ. తర్వాత పొయ్యిలోని కొరకంచులు బయటికి లాగి ఇసకలో పొడిచేశాడు.

"పెద్దకొండ మీద నీళ్ళుండవు అక్కా. సీసా నిండుగా పట్టుకొని పో. నేను ఇంగ తోడనులే ఈ పొద్దు."

సీసా నిండేదాకా ఇంకో గంట కూర్చున్నాను. దేవుడు తలచుకుంటే బట్టీ పొయ్యిని బట్టీవాని చేతే ఆర్పిస్తాడు! ఆయన మారిపోయాడని నేను చెప్పలేను, ఆ మర్నాడు మళ్ళీ వెలిగించాడో ఏమో. ఆయన పేరు మీ ప్రార్థనల్లో పెట్టుకోండి.

పొద్దుగుంకేసరికి నడిమికొండ ఎక్కాను. రెండు బండల సందున దుప్పటి కప్పుకుని పడుకుంటే చలికి పళ్ళు టకటకలాడాయి, ఏ పొద కదిలినా ఎలుగే అనిపించింది, అయినా నవ్వొచ్చింది, ఎందుకంటే ఎలుగు కంటే పెద్దదాన్ని సాయంత్రమే దాటి వచ్చాను! తెల్లవారుతూనే లేచి పెద్దకొండ ఎక్కాను. చివర్లో చేతులతో పాకాను, చీర చిరిగింది, మోచెయ్యి గీసుకుంది. పైన నిలబడితే కింద మా ఊరు, రైలు కట్ట, నేను బండలు మోసిన గని అరచెయ్యంత తెల్లగా కనిపించాయి. పద్దెనిమిదేళ్ళు నన్ను మింగిన గొయ్యి ఇంతేనా అనుకున్నాను. "మూడు కొండలూ ఎక్కించినావు తండ్రీ! ఒక్కదాన్ని కాదు నేను, ఎన్నడూ కాదు!" అని గొంతు బొంగురుపోయేదాకా అరిచాను.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. మా ఆయన ఎదురొచ్చి బ్యాగు అందుకోబోయి ఆగిపోయాడు. గుమ్మంలో ఉన్న సునీత ముక్కు మీద కొంగు పెట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు, నా చీరా దుప్పటీ అన్నీ సారా కంపు కొడుతున్నాయని! ఎక్కిన కొండలన్నీ ఒక ఎత్తు, ఆ గుమ్మం ఒక ఎత్తు. నమ్మండి అని నేను బతిమాలలేదు, ఒట్లు పెట్టలేదు. అరుగు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. గ్లాసుకు చెయ్యి చాపిన సంగతి కూడా దాచలేదు.

మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. సునీత ముక్కు మీది కొంగు తీసింది.

"ఎంతసేపు కూచున్నావు అత్తా ఆడ?"

"రెండు గంటలుంటాది."

"చెయ్యి చాపినానని ఎందుకు చెప్పినావు? చెప్పకున్నా నడిచిపోయేది కదా."

"నీతో ఇంగ అబద్ధం చెప్పలేను సునీతా."

తను లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చినప్పుడు చంకలో పాప ఉంది.

"చీర మార్చుకోని రా అత్తా. పాపను పట్టుకుందువు, నేను రొట్టెలు చేస్తా."

ప్రియమైనవారలారా, నాకు జరిగిన అద్భుతం ఇదే. తాగుబోతుల కోసం కాపలా కాసి కాసి అలసిపోయిన మీరూ, లోపల వణుకుతూ బయట నవ్వుతున్న మీరూ, మానాలని కూడా అనిపించని మీరూ, ఉన్నది ఉన్నట్టుగానే ఆయన దగ్గరికి రండి. పెద్ద మాటలు రావలసిన పని లేదు, "ఉండావా?" అని ఒక్క మాట అడగండి చాలు. ఆయన ఉన్నాడు! మనుషుల కళ్ళు చేరని వంకలో కూడా ఉన్నాడు. నా చేతిని పట్టుకున్న ఆ చేతికే సమస్త మహిమ కలుగును గాక. ఆమేన్.