తుండు వేసిన సీటు

మా ఇంటి దీపం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వండి. మూకండపల్లి టీ అంగట్లో నేను చెప్పే కథలు వేరు, ఇది వేరు. దయ్యాలూ గియ్యాలూ నేను ఏనాడూ నమ్మలేదు. పక్కవాణ్ని భయపెట్టడానికి తప్ప వాటితో నాకు పనిపడలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. హోసూరులో ఫ్యాక్టరీ పనికి కొత్తగా చేరి, మూకండపల్లిలో అద్దెకుండేవాణ్ని. అప్పట్లో షేర్ ఆటోలు లేవు. షిఫ్టుకు సైకిలు, సైకిలు లేనివాడికి కాళ్లు. ఊళ్ల వైపు సైకిలూ అరుదే. నా భార్య రత్నమ్మ తొలి కాన్పుకు డెంకణికోటకు కాస్త ఇవతల ఉన్న పుట్టింటికి పోయింది. అక్కడ హోసూరు బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అది కూడా ఊళ్లోకి రాదు. బండిబాట పట్టి రోడ్డెక్కాలి.

నేను చూడ్డానికి వెళ్లిన మరునాడు, తెల్లవారగానే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని పొట్ట తడిమి చూసి చేతులు తుడుచుకుంది. "బిడ్డ అడ్డం తిరిగుండాది. నా చేతుల్లో లేదప్పా. హోసూరు ఆసుపత్రికి ఎత్తకపోండి" అంది.

ఎద్దులబండి కట్టుకుని రోడ్డు చేరేసరికి బస్సు వేళ దాటిపోయింది. సాయంత్రం దాకా ఆగితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. మా అత్త కూతురి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అంతలో మలుపులో హారను వినిపించింది. దారిలో ఒంటి ఏనుగొకటి రోడ్డుకు అడ్డంగా నిలబడి, తీరిగ్గా చింతకొమ్మలు విరుచుకు తింటూ బస్సును అంతసేపూ ఆపేసిందట.

సంత రోజు. టాపు మీద మనుషులు, ఫుట్‌బోర్డు మీద మనుషులు, లోపల మనుషుల కాళ్ల మధ్య మేకలు. అంత కిక్కిరిసిన బస్సులో కిటికీ పక్క సీటొకటి ఖాళీ. దాని మీద ఒక తుండు పరిచి ఉంది.

మా వైపు దీనికి పెద్ద కట్టుబాటుంది. బస్సు స్టాండులోకి వస్తుండగానే కిటికీలోంచి తుండుగుడ్డ విసిరితే ఆ సీటు మనది. మనిషి ఎక్కేదాకా ఇంకొకరు ముట్టరు. ముట్టినారంటే కొట్లాటే.

"ఎవురిదన్నా ఈ తుండు?" అని కండక్టరును అడిగాను.

"డెంకణికోటలో ఎవురో ఏసినారు. టాపు మీదుండాడేమో, వస్తాడు."

"ఎప్పుడొస్తాడు, హోసూరులో దిగినాకనా?" అంది చంకలో కోడిపుంజును పెట్టుకున్న ముసలమ్మ. "ఆ బిడ్డను కూర్చోబెట్టప్పా. ఎవుడన్నా తగువుకొస్తే నా పుంజు చూసుకుంటాది!"

రత్నమ్మ కూర్చుంది. తుండు తీసి ఒళ్లో పెట్టుకుంది. దాని అంచు చూసి, నొప్పి మరిచిపోయినదానిలా ఉండిపోయింది.

"అమ్మా, ఇది నాయిన తుండు."

దూడ నమిలిన అంచుకు పచ్చదారంతో వేసిన వంకర కుట్లు. పెళ్లికి ముందు రత్నమ్మ వేసినవే. మా మామ మునియప్ప గొర్రెల కాపరి. బస్సు ఊరి దగ్గరికొచ్చేసరికి సీటు దొరకదని, కూతురి ప్రయాణం ఉన్న రోజు చీకటితో లేచి డెంకణికోటకు నడిచిపోయేవాడు. తుండు విసిరి సీటు పట్టి, ఊరి దాకా వచ్చి, కూతుర్ని కూర్చోబెట్టి తాను దిగిపోయేవాడు.

ఆయన ముందటేడే పోయాడు. ఆ తుండును మా అత్తే ఆయన మీద కప్పింది. దాని మీదే మట్టి పోసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మా అత్త ఆ కుట్లను వేలితో తడిమింది. ఏడవలేదు. "కదలబాక, కూర్చోమ్మా. సీటు పట్టినాడు గదా మీ నాయిన" అంది.

హోసూరు స్టాండులో దిగేటప్పుడు తుండు తెద్దామని చెయ్యి చాచాను. రత్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వద్దు, ఆడే ఉండనీ. ఇంకెవురికో కావాల్సొస్తాది" అని తనే మళ్లీ సీటు మీద పరిచింది. జట్కా ఎక్కాక తిరిగి చూశాను. జనం తోసుకుంటూ బస్సెక్కుతున్నారు. ఆ సీట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ గతుకుల్లో నిలబడి వచ్చుంటే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ అన్నాక వెళ్లి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. అంత హాయిగా నేను ఎన్నడూ ఊపిరి పీల్చుకోలేదు.

తర్వాత ఆ కండక్టరును చాలాసార్లు అడిగాను. తుండు కోసం ఎవరూ రాలేదన్నాడు. అది ఏమైందో తనకూ తెలియదన్నాడు.

ఇక మొదట్లో వేసిన ఒట్టు సంగతి. దీపం మీద వేశాను కాబట్టి చెప్పేయాలి. ఏనుగు నా కల్పన. ఆ పొద్దు బస్సుకు పంక్చరైంది, అంతే. ఒట్టి తుండు కథ చెబితే టీ అంగట్లో ఎవరూ చెవినెయ్యరని ఏనుగును తోలుకొచ్చాను. ఇన్నేళ్లలో ఒక్కడు కూడా ఏనుగును అనుమానించలేదు. అందరూ తుండు దగ్గరే నవ్వుతారు.

అది ఆ సీటు మీదికి ఎలా వచ్చిందో నాకీనాటికీ తెలియదు. నేను అల్లిందే అయితే, ఇంకాస్త నమ్మేలా అల్లేవాణ్ని.