హెల్మెట్‌లో వదిలిన ఖాళీ

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా నన్ను ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు బదిలీ చేశారు. జూన్ మొదటి వారంలో ఒక పునరావాస కేంద్రంలో చేరాను. కాగితం మీద నా హోదా సీనియర్ ఆర్థోటిస్టు. ఆదిలాబాద్‌లో ఉన్నన్నాళ్లూ జనానికి మాత్రం నేను "పట్టీల సారు"ని. వంకర కాళ్లకు, వంగిన వెన్నుకు, పడిపోయిన చేతికి బయటి నుంచి ఆసరా ఇచ్చే పట్టీలు, బూట్లు చేయడం మా పని. డాక్టరు రాస్తాడు. మేం కొలత తీసి, చేసి, తొడిగి, సరిపోయేదాకా సవరిస్తాం. తొడిగింది పనిచేయకపోతే తిట్లు కూడా మాకే.

చేరిన రెండో నెలలో పిల్లల డాక్టరమ్మ నా దగ్గరికి ఒక పాపను పంపింది. పేరు శాన్వి, అప్పుడే ఆరు నెలలు నిండాయి. వాళ్లది సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే కుటుంబం. తల్లి సంధ్య ఇంట్లో కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. తోడు వచ్చిన నాయనమ్మ పేరు లచ్చవ్వ. పాపకు పుట్టుకతోనే మెడలో ఒక పక్క కండరం బిగుసుకుని, ఎప్పుడు పడుకోబెట్టినా తల కుడివైపే తిప్పేదట. దాంతో తల వెనక కుడిభాగం చదునైపోయింది. ఆ వైపు చెవి ముందుకు జరిగింది, నుదురు ఉబ్బింది. రెండు నెలలు మెడ వ్యాయామాలు చేయించినా చదును తగ్గకపోవడంతో డాక్టరమ్మ హెల్మెట్ రాసింది.

ఇది బండి నడిపేవాళ్ల హెల్మెట్ కాదు. తలను నొక్కి గుండ్రంగా చేస్తుందని చాలామంది అనుకుంటారు, అదీ కాదు. ఉబ్బిన చోట తలను ఆనుకుని ఉంటుంది, చదునైన చోట ఖాళీ ఉంటుంది. పసిపిల్లల తల రోజురోజుకూ పెరుగుతుంది కదా, దారి ఉన్న వైపే పెరుగుతుంది. ఆ ఖాళీయే దారి. అయితే ఏడాది దాటితే పుర్రె ఎముక గట్టిపడుతుంది, తర్వాత ఎంత పెట్టినా ప్రయోజనం తక్కువ. అంటే శాన్వికి మా చేతిలో ఉన్నది ఆరు నెలలు.

మా దగ్గర స్కానర్ లేదు. పాప తలకు సాగే గుడ్డ టోపీ తొడిగి, తడిపిన ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీశాను. లచ్చవ్వ పాప గడ్డం కింద చెయ్యి పెట్టి కదలకుండా పట్టుకుంది. చెయ్యి తిరిగిన మనిషని అప్పుడే తెలిసింది. "మా వాడకట్టుల పసిపిల్లలకు తానం పోసుడు నేనే సార్" అంది. "ఎందరి తలకాయలనో ఈ చేతులతోని గుండ్రంగ ఒత్తిన. నా మనుమరాలి కాడికి వచ్చెసరికే గిట్లాయె." అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇది మీ చేతుల తప్పు కాదు, మెడ బిగుసుకోవడం వల్ల వచ్చిందని చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు.

అచ్చులో ప్లాస్టర్ పోసి తల నమూనా తీసి, చదునైన చోట ఖాళీ రావడానికి మళ్లీ ప్లాస్టర్ పట్టించి, దాని మీద వేడి చేసిన ప్లాస్టిక్ రేకును దించి హెల్మెట్ చేశాను. ఎదురెదురు మూలల నుంచి తలను రెండు కొలతలు తీసుకుంటాం. రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువుంటే వంకర అంత ఎక్కువ. శాన్వికి తేడా పద్నాలుగు మిల్లీమీటర్లు. తొడిగిన రోజు జాగ్రత్తలన్నీ చెప్పాను. మొదటి వారం గంటలు పెంచుకుంటూ పోవాలి, తర్వాత రోజుకు ఇరవై మూడు గంటలు ఉండాలి. తీస్తే స్నానానికే. లోపల రోజూ తుడవాలి. చర్మం ఎర్రబడి గంటలో తగ్గకపోతే వెంటనే రావాలి. "అర్థమైందా?" అని అడిగాను. అయిందన్నారు. బయట వరసలో ఇంకా పదిమంది ఉన్నారు.

రెండు వారాలకు వచ్చారు. తేడా పద్నాలుగే. తొలి రోజులు కదా అనుకున్నాను. నాలుగు వారాలకూ పద్నాలుగే. ఆరో వారంలో తల చుట్టుకొలత పెరిగింది గానీ తేడా ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గలేదు. నాకు తిక్క రేగింది. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని, కొలత తప్పే సమస్యే లేదు. మరింకేం, వీళ్లు పెట్టడం లేదన్నమాట! అదే మాట సంధ్యతో అన్నాను.

"ఒట్టు సార్, తానం పోసేటప్పుడు తప్ప తీస్తలేం" అంది ఆ పిల్ల.

"తలకాయ అబద్ధం చెప్పదమ్మా" అన్నాను. గదిలో ఇంకో ముగ్గురు తల్లులున్నారు. సంధ్య తల వంచుకుని పాప బొత్తాలు పెడుతూ కూర్చుంది. ఆ ఉక్కకు చెమటకంపు కొట్టే హెల్మెట్‌ను ఆమె రోజూ తుడిచి ఆరబెడుతోంది. బస్సెక్కితే చాలు, బిడ్డకు దెబ్బ తాకిందా, ఆపరేషన్ చేసిండ్రా అని అడిగేవాళ్లకు జవాబు చెప్పుకుంటోంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అడిగితే అప్పుడే తెలిసేవి. లచ్చవ్వ ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

ఆ తర్వాతి వారం సిరిసిల్లలో ఉపకరణాల శిబిరం పడింది. మధ్యాహ్నం పని ముగించుకుని, కేసు షీటులో ఉన్న చిరునామా పట్టుకుని వాళ్లింటికి నడిచాను. క్షేమం కనుక్కోవడానికి అని చెప్తే అబద్ధమవుతుంది. దొంగను పట్టుకుందామనే వెళ్లాను.

మగ్గాల చప్పుడులో నేను రావడం ఎవరూ వినలేదు. సంధ్య కండెలు చుడుతోంది. శాన్వి చాప మీద బోర్లాపడి గిలక ఆడిస్తోంది. తలకు హెల్మెట్ ఉంది, పట్టీ కూడా సరిగ్గా బిగించి ఉంది. నన్ను చూసి సంధ్య గాభరాగా లేచింది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని హెల్మెట్ తీశాను. లోపలి నుంచి ఒక గుడ్డ మెత్త జారి చాప మీద పడింది.

పాత నూలుచీర ముక్కలు మూడు పొరలుగా మడిచి, అంచుల చుట్టూ సన్నని కుట్టు వేసిన మెత్త అది. నేను వదిలిన ఖాళీ ఎంతుందో సరిగ్గా అంతే, ఆ వంపుతో సహా. నేను కత్తిరించినా అంత బాగా కుదిరేది కాదు.

"నేనే కుట్టిన సార్" అంది లచ్చవ్వ సంబరంగా. "ఆడ బోలుగ ఉండె. పిల్ల తలకాయ లోపల కొట్టుకుంటదని మెత్త పెట్టిన. మీ కాడికి వచ్చేటప్పుడు తీసి వస్తుంటిమి. పాతగుడ్డ పెట్టుకొని దవాఖానకు ఎట్లొస్తం?"

మరి ఖాళీ ఉందని నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"తొందర్ల మీరు మరిచిండ్రనుకున్న. అంత పెద్దసారు తప్పు మొఖం మీద ఎట్ల చెప్తం సార్?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెప్పాల్సింది చెప్పకుండా ఆ పిల్లను నలుగురిలో దొంగను చేశాను. ఇరవై మూడు గంటలు పెట్టమన్నాను. వాళ్లు పెట్టారు. ఖాళీ ఎందుకో మాత్రం నేను చెప్పలేదు.

లచ్చవ్వ వేలు పట్టుకుని ఆ ఖాళీలో పెట్టించాను. "అవ్వా, తలకాయ పెరగాల్సింది గీ జాగలకే" అన్నాను. ఆమె కాసేపు వేలు అక్కడే ఉంచింది. తర్వాత గోడకు ఆనుకుని కూలబడి, "అయితే నేనే అడ్డం పడ్డనా సార్? దాని తలకాయకు నేనే అడ్డం పడ్డనా?" అని ఏడ్చింది. అది చూడలేకపోయాను. "నువ్వు కాదవ్వా, నేను" అన్నాను. సంధ్యవైపు తిరిగి, ఆ రోజు అన్న మాట తప్పమ్మా అని చెప్పాను. ఆమె "చాయ్ తాగుతరా సార్?" అంది. తిడితే బాగుండేదనిపించింది.

మెత్త తీసేశాక రెండు వారాల్లో తేడా పన్నెండుకు దిగింది. తర్వాత పది, ఎనిమిది. పాపకు ఏడాది నిండేసరికి ఆరు మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. జుట్టు పెరిగితే కనపడదు. కొలిస్తే తెలుస్తుంది. పోయిన ఏడు వారాలు తల బాగా పెరిగే రోజులు, అవి మళ్లీ రావు.

చికిత్స ముగించిన రోజు కేసు షీటులో "ఫలితం పాక్షికం" అని రాసి, కారణం అన్న చోట "కుటుంబ సభ్యులు లోపల గుడ్డ పెట్టడం" అని రాశాను. అది నిజమే. ఎదురుగా కూర్చున్న లచ్చవ్వకు చదువు రాదు. "ఏం రాస్తుండ్రు సార్?" అని అడిగింది. రాసింది ఆమెకు చదివి వినిపించలేకపోయాను. దాన్ని కొట్టేసి, పక్కన నిబంధన ప్రకారం పొట్టి సంతకం పెట్టి, "ఖాళీ ఎందుకో ఆర్థోటిస్టు వివరించకపోవడం" అని రాశాను. అది చదివి వినిపించాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, హెల్మెట్ తొడిగే ముందు ఇంట్లో బిడ్డకు నీళ్లు పోసేవాళ్లెవరో అడిగి, వాళ్ల వేలే ఆ ఖాళీలో పెట్టించేవాణ్ని. "అర్థమైందా?" అని అడగడం మానేశాను, దానికి అందరూ అయిందనే అంటారు. "నేనేమన్నా మరిచిపోయినట్టు అనిపిస్తున్నదా?" అని అడిగేవాణ్ని. మొదటిసారి మొహమాటానికి లేదనేవారు. రెండోసారి అడిగితే చెప్పేవారు.