అలివి వల ఫొటోలో నవ్వుతున్న మనిషి

శేవంతాకు తల్లి ముఖం గుర్తులేదు. తనకు అడుగులు పడుతున్న రోజుల్లోనే తల్లి భాగీరథి జ్వరం వచ్చి పోయింది. ఖారేవాడిలో సముద్రం ఒడ్డునున్న బెస్తల వరుసలో అప్పట్లో గోడకు ఫొటో ఉన్న ఇల్లు లేదు. ఫొటోలన్నీ కొండవాలున పెంకుటిళ్లలో ఉండేవి. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆజీ, అంటే నాయనమ్మ, ఆ ఇళ్లకు వెళ్తుంటే, ఆమె కొంగు పట్టుకుని వెళ్లిన శేవంతా వసారా గోడల మీద తలపాగాల వాళ్లనూ, పెద్దపెద్ద నత్తులు పెట్టుకున్న ఆడవాళ్లనూ తలెత్తి చూస్తూ నిలబడిపోయేది. పెంకుటిళ్లవాళ్లు చచ్చిపోయినా ఇంట్లోనే ఉంటారనీ, తమ వరుసవాళ్లు మాత్రం పూర్తిగా వెళ్లిపోతారనీ చాలాకాలం అనుకుంది.

"మా అమ్మ ఎట్లా ఉండేది ఆజీ?" అని అడిగితే, "ఎట్లా ఉంటుంది? రెండు చేతులూ రెండు కాళ్లూ, వాటికంటే పెద్ద నోరూ" అని ముసలమ్మ పనిలోకి దూరేది. కోడలి ఊసెత్తితే ఆజీకి ఏడుపు ఆగదని శేవంతాకు పెద్దయ్యాకగానీ తెలియలేదు.

ఆజీ తర్వాత ఆ తట్ట శేవంతా నెత్తికెక్కింది. వరుసలోనే రాజారాంతో పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పెరిగారు, వాళ్ల పెళ్లిళ్లూ అయ్యాయి. ఆమె చేపలమ్మడం మాత్రం ఆగలేదు. ఏ ఇంట్లో కానాగంతలు తప్ప ముట్టరో, శ్రావణమాసంలో చేప వాసనే పడదని చెప్పి దొడ్డిదారిన రొయ్యలు కొనేది ఎవరో ఆమెకు తెలుసు. ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పదు గనక ఊళ్లో అన్ని గడపలూ ఆమెకు చనువే. మోకాళ్లు మొరాయించాక తిరగడం మాని, రేవు పక్కన చేపల బజారులో టార్పాలిన్ కింద కూర్చుని అమ్ముతోంది.

ఆ ఏడు ఊరి బడికి కొత్త భవనం కట్టారు. పెద్ద హాల్లో ఊరి పాత ఫొటోలు పెడితే బాగుంటుందని పంతులమ్మ మేఘనకు అనిపించింది. ఆమెను ఊరంతా బాయీ అని పిలుస్తారు. పాపం ఇల్లిల్లూ తిరిగింది. పోగొడతారేమోనని ఎవరూ ఇవ్వలేదు. చివరికి బజారుకొచ్చి, ఊళ్లో చిన్నవాళ్లంతా మావశీ, అంటే పిన్నీ, అని పిలిచే శేవంతా పక్కన పీట మీద కూర్చుంది.

"మావశీ, నువ్వొస్తే ఎవరూ కాదనరు. ఒకసారి నాతో రా."

"నన్ను చూస్తే ఫొటోలెందుకిస్తారు బాయీ, గిన్నె తెచ్చి ముందు పెడతారు" అంటూనే శేవంతా లేచింది.

వారం తిరగకుండానే బడి బల్ల నిండా ఫొటోలు పరుచుకున్నాయి. బాయి మురిసిపోయింది. శేవంతా మాత్రం ఒక్కొక్కటే చూసి పక్కన పెడుతూ పెదవి విరిచింది.

"ఏమైంది మావశీ?"

"ఏం లేదు. ఆ రోజుల్లో ఈ ఊళ్లో ఎవరూ గంజి కాచుకోలేదా? వల లాగలేదా? పొద్దుగూకులూ అందరూ పెళ్లిళ్లే చేసుకుంటూ కూర్చున్నారా?"

బాయి నవ్వింది గానీ, ఆ మాట నిజమే. కోట్లు వేసుకున్న మగవాళ్లు, పట్టుచీరల్లో బిగుసుకుపోయిన పెళ్లికూతుళ్లు, దండలు వేయించుకుంటున్న పెద్దమనుషులు. ఊరు ఊరుగా ఒక్కదాంట్లోనూ లేదు.

అప్పుడు శేవంతాకు భివా గుర్తొచ్చాడు. ముంబైలో బట్టల మిల్లులో పనిచేసి, గణపతి పండక్కి ఊరొచ్చేవాడు. మెడలో కెమెరా ఉండేది. ఆయన పోయి చాలాకాలమైంది. భార్య ఆనంది ఉంది. చిన్నమ్మ వరుస గనక అందరూ ఆనందీకాకి అంటారు. ఇద్దరూ ఆమె ఇంటికి వెళ్లారు.

ఆనందీకాకి మంచం కింది నుంచి రేకు పెట్టె లాగింది. "మా ఆయనకు బుద్ధి ఉండేది కాదమ్మా. కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే రీలు అయిపోయిందనేవాడు. బూడిదతో అంట్లు తోముకుంటుంటే మాత్రం వెనకనుంచి వచ్చి టిక్కుమనిపించేవాడు. చూడండి, ఇందులో నేను ఒక్కదాంట్లోనైనా మనిషిలా ఉన్నానేమో."

పెట్టెలో అరచేతి పాటి ఫొటోలు. ఇసుకలో ఎండు చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లు. పడవకు జీడినూనె పూస్తూ బీడీ వెలిగించుకుంటున్న మనిషి. ఒకరి వెనక ఒకరు కూర్చుని పేలు చూసుకుంటున్న తోడికోడళ్లు. తర్వాత సముద్రంలో వేసిన అలివి వలను ఒడ్డుకు లాగుతున్న ఫొటో. ఊరు ఊరంతా తాడు పట్టుకుని వెనక్కి వాలి ఉంది. అందులో ఒకామె తల వెనక్కి వాల్చి నోరంతా తెరిచి నవ్వుతోంది. ముందున్నామె మోచేయి అడ్డొచ్చి ముఖం సగమే కనపడుతోంది. ఆ సగం కూడా కాస్త చెదిరింది.

"ఆ నవ్వేది మీ అమ్మ. తెలీదా నీకు?" అంది ఆనందీకాకి, పెట్టెలో ఇంకేదో వెతుక్కుంటూ.

శేవంతా తడి లేని చేతుల్ని చీరకు తుడుచుకుంది. తర్వాతగానీ ఫొటో అందుకోలేదు.

ఆ ఫొటోను పెద్దది చేయించి తెచ్చేసరికి బజారులో గొడవ మొదలైంది. "ఇది భాగీ ఏంటి? భాగీ ఇంత పొడుగు కాదు. ఇది చిమీ" అన్నాడు వలలు అల్లే దత్తారాం. "కళ్లజోడు పెట్టుకుని మాట్లాడు" అన్నారు అవతలి వాళ్లు. సగం బజారు భాగీ అంది, సగం బజారు చిమీ అంది. శేవంతా ఇన్నేళ్లూ అమ్మ ముఖం లేకుండానే బతికింది, లోటేమీ అనిపించలేదు. ఇప్పుడు చేతికందాక అది వేరేవాళ్లదంటుంటే ఫొటో లాక్కుని కొంగు కింద పెట్టుకుంది.

భాగీతో కలిసి వల లాగిన ఆ చిమీ బతికే ఉంది, వాగవతలి ఊళ్లో కూతురి దగ్గర. శేవంతా ఎండు రొయ్యలు మూటగట్టుకుని రిక్షా ఎక్కింది.

చిమీ ముందు ఎండు రొయ్యలు వాసన చూసింది. తర్వాత ఫొటో కళ్ల దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"ఈ మోచేయి నాది" అంది. "ఎప్పుడూ అడ్డమొచ్చే మోచేయే ఇది. వెనకున్నది మీ అమ్మ."

"నిజంగానా మావశీ? వాళ్లు నువ్వేనంటున్నారు."

"నేనెందుకు నవ్వుతానే, తాడు గుంజి గుంజి నా నడుం పడిపోతుంటే? నవ్వించిందీ అదే, నవ్విందీ అదే. బాపూ తాండేల్ ఎరుగుదువుగా, వల ఆయనది. తాడు ముట్టేవాడు కాదు. నీళ్లంచున నిలబడి లాగండి లాగండి అని కేకలు. ఆ రోజు పెద్ద అల వచ్చింది. వచ్చి, ఆయన పంచె ఊడదీసుకుని పోయింది. పట్టుకోండి, పట్టుకోండి అని ఆయన అరుస్తున్నాడు. మేం తాడు పట్టుకోమంటున్నాడనుకుని ఇంకా గట్టిగా లాగుతున్నాం. అప్పుడు మీ అమ్మ..."

చిమీకి నవ్వొచ్చి మాట ఆగిపోయింది. కూతురు మంచినీళ్లు తెచ్చిస్తే తాగి, పమిటతో మూతి తుడుచుకుంది.

"మీ అమ్మ అంది కదా, 'తాండేలా, మాకున్నవి రెండే చేతులు. తాడు పట్టుకోమంటావా, నీ పంచె పట్టుకోమంటావా, తేల్చి చెప్పు' అని. ఇంకేముంది, నవ్వుకి ఆ భివా చేతిలో కెమెరా ఊగింది. అందుకే ఫొటో ఇట్లా చెదిరింది."

శేవంతా ముందు నోటికి గుప్పిట అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. తల వెనక్కి వాల్చి, గోడకు ఆనుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. చిమీ నవ్వడం మాని ఆమె వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఇంకా చెప్పు మావశీ" అంది శేవంతా.

చిమీ చెప్పింది. భాగీ ఈల వేయగలదని, తుఫానుకు భయపడేది కాదు గానీ బొద్దింకను చూస్తే పడవెక్కేదని, బిడ్డను నడుముకు కట్టుకుని చేపలమ్ముతూ దారంతా ఆ బిడ్డతో పోట్లాడేదని. సాయంత్రం రిక్షావాడు రెండుసార్లు హారన్ కొట్టాక గానీ శేవంతా లేవలేదు.

హాలు తెరిచిన రోజు పెళ్లిఫొటోల ముందు ఎవరూ ఎక్కువసేపు ఆగలేదు. జనమంతా భివా ఫొటోల దగ్గరే. "ఇది మా మేనత్త", "ఆ తట్ట మా ఇంటిది" అని వేళ్లు పెట్టి చూపించుకుంటున్నారు. ఆనందీకాకి కొత్త చీర కట్టుకుని వచ్చి, తను అంట్లు తోముతున్న ఫొటో పక్కనే కుర్చీ వేయించుకుంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "నేనే" అని చెబుతోంది.

బాపూ తాండేల్ మనవడు వినాయక్ వల ఫొటో ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "మా తాత వల ఇది. ఇంతమంది ఉన్నారు, తాత ఎక్కడా కనపడడేంటి మావశీ?"

"ఆయన అప్పుడే నీళ్లలోకి దిగాడు నాయనా" అంది శేవంతా. "ఏదో వస్తువు పోతే వెతుక్కోడానికి."

పంచె కథ అప్పటికే విన్న దత్తారాం దగ్గు తెప్పించుకుని బయటికి వెళ్లిపోయాడు.

హాలు తెరిచాక శేవంతా తన కొడుకు దగ్గర పాత ఫోను అడిగి తీసుకుంది. ఎక్కడ నొక్కాలో బాయి దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు బేరం లేనప్పుడల్లా చేపల బజారులో ఫొటోలు తీస్తుంది. పొలుసులు గీకే చేతులు, మంచుగడ్డ మోసే మనుషులు, కునుకు తీసే ముసలాళ్లు. మొన్న దత్తారాం వలలు అల్లుతుంటే ఫోను ఎత్తింది.

"ఆగు, ఆగు, చొక్కా వేసుకొస్తా" అన్నాడు అతను.

"వద్దు, అట్లాగే కూర్చో" అంది శేవంతా. "నీ మనవరాలు చూడాల్సింది చొక్కాను కాదు."

దత్తారాం గొణుక్కుంటూ మళ్లీ దారం అందుకున్నాడు.