ఏడుకు ఆరు గళ్లు

గుల్నాజ్ బదిలీకి ముత్తుకూరు హైస్కూలే కోరుకుంది. ఎందుకని తోటి టీచర్లు అడిగితే మాట మార్చింది.

పదమూడేళ్ల కింద, ముత్తుకూరు సంతలో ఆమె తండ్రి నాగుల్ మీరా పరుపులు కుట్టి సంపాదించిందంతా హజరత్తయ్య పాచికల బల్ల మీద పోగొట్టుకున్నాడు. బస్సు ఛార్జీకి పది రూపాయలిమ్మని చేతులు జోడించాడు. "కూడికలు రానోడికి ఆటెందుకు సాయిబూ?" అని హజరత్తయ్య అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గుల్నాజ్ పక్కనే ఉంది. ఆ తర్వాత పట్టుబట్టి లెక్కలే చదివింది.

ఇప్పటికీ హజరత్తయ్య ఆట అదే. రెండు పాచికలు. మొత్తం ఏడుకు తక్కువో ఎక్కువో సరిగ్గా చెబితే కాసినంత లాభం. ఏడు మీదే కాసి, ఏడే పడితే మూడింతలు లాభం.

ఆదివారం సంతలో ఆమె బల్ల పక్కనే నేల మీద సుద్దతో ముప్పై ఆరు గళ్లు గీసింది. పందెం కాయబోతున్న ఆదెయ్య అనే జాలరి ఆగి చూశాడు.

"రెండు పాచికలు ముప్పై ఆరు రకాలుగా పడతాయన్నా. ఏడుకు తక్కువ పదిహేను గళ్లే. ఇరవై ఒక్కసారి నీ డబ్బు పోతాది."

"ఏడు మీద కాస్తే?"

"ఆరు గళ్లు. ఐదుసార్లు పోయి ఒకసారి వస్తాది. ఐదింతలు ఇయ్యాల్సినోడు మూడే ఇస్తా ఉండాడు."

హజరత్తయ్య పాచికలు ఆమె ముందు పడేశాడు. "మోసముంటే చూపించు మేడం."

"పాచికల్లో లేదు. నువ్వు కట్టిన రేట్లలో ఉండాది."

ఆదెయ్య నోటు జేబులో పెట్టుకున్నాడు. ఆమె ప్రతి ఆదివారం వచ్చి గళ్లు గీసింది. నాలుగో వారానికి బల్ల దగ్గర ఈగలే మిగిలాయి.

"నా పొట్ట కొట్టబాకమ్మా," అన్నాడు హజరత్తయ్య. "నీకు నేనేం చేసినాను?"

"నాగుల్ మీరా కూతుర్ని. పరుపులు కుట్టే నాగుల్ మీరా."

అతను ఆమె మొహంలోకి పరికించి చూశాడు. "గుర్తు రాలేదమ్మా. శానామంది వస్తారు గదా."

కాళ్లు పట్టుకుంటాడనుకుంది, తిడతాడనుకుంది. మరిచిపోయి ఉంటాడని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మర్నాటికి అతను బల్ల ఎత్తేశాడు. గూడూరు నిమ్మకాయల మార్కెట్ దగ్గర పరిచాడని ఆదెయ్య చెప్పాడు.

తర్వాతి ఆదివారం గుల్నాజ్ సుద్దముక్క తీసుకుని గూడూరు బస్సెక్కింది.