పిన్ని కళ్లకు కాపడం

మా పిన్ని రఫూ చేస్తుంది. నిప్పురవ్వ పడి కాలిన కోటైనా, మేకు తగిలి చిరిగిన ప్యాంటైనా, ఆ బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, చిల్లి మీద మళ్లీ నేత నేసినట్టు అల్లేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా అదే పని.

నిరుడు ఆ పనికే ఎసరొచ్చింది. మధ్యాహ్నానికల్లా కళ్లలో ఇసుక పోసినట్టు మంట, ఆపైన ధారగా నీళ్లు. పోగులు అలికినట్టు కనబడేవి. ముందు నల్లబట్టలు తీసుకోవడం మానేసింది, తర్వాత ముదురు రంగులన్నీ. ఇక కుర్చీ మడిచేయడమే మిగిలిందని బాబాయితో నవ్వుతూనే అంది గానీ, ఆ పూట భోజనం సగంలో వదిలేసింది.

కంటి డాక్టరమ్మ రెప్పల అంచులు నొక్కి చూసి, కళ్లు పొడిబారాయని చెప్పారట.

"చేతిరుమాళ్లు రెండేసి తడిసిపోతుంటే పొడి అంటుందేమిటే ఆవిడ?" అంది పిన్ని నాతో.

రెప్పల అంచున నూనె గ్రంథులుంటాయనీ, ఆ నూనె పేరుకుపోతే కన్నీటి పొర నిలవక ఆరిపోతుందనీ, ఆ మంటకే నీళ్లు కారతాయనీ నేను చదువుకున్నది చెప్పాను. పైగా సూది పట్టుకుంటే పిన్ని రెప్ప వేయదు. రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు వేడి కాపడం పెట్టుకోమన్నారు డాక్టరమ్మ.

మూడు వారాలు పెట్టుకుంది. గుణం కనబడలేదు. కాపడం అబద్ధం, నా చదువు అంతకన్నా పెద్ద అబద్ధం అని తేల్చేసింది. జ్వరం లేకపోయినా మా పసిదాని ఒంటివేడి రోజుకు నాలుగుసార్లు కొలిచేదాన్ని నేను, ఊరుకుంటానా? దాన్ని చంకనేసుకుని, దాని స్నానపు నీళ్ల థర్మామీటరుతో సహా వెళ్లాను.

చూస్తే, కాపడానికి పిన్ని తన దగ్గరున్నవాటిలో మేలైన గుడ్డను ఎంచుకుంది. ఉల్లిపొరలాంటి పల్చటి మల్లు గుడ్డ. ముతక గుడ్డ ముఖానికి ఆనించడం ఆవిడ చేతిపనికే అవమానం. వేడినీళ్లలోంచి తీయగానే కొలిస్తే నలభై రెండు డిగ్రీలు, రెండు నిమిషాలకు ముప్పై మూడు. మిగతా ఎనిమిది నిమిషాలూ కళ్ల మీద చల్లారిన గుడ్డ వేసుకుని పడుకుందన్నమాట.

"పిన్నీ, నీ మంచి గుడ్డే నీ కొంప ముంచింది. ఇంట్లో ముతక తువ్వాలేదీ?"

బాబాయి తాను తల తుడుచుకునేవి రెండు తెచ్చి, తన తువ్వాళ్లకు ఇన్నాళ్లకు ఒక హోదా వచ్చిందన్నారు. నాలుగు మడతలు వేసి, మణికట్టుకు ఆనించి వేడి చూసుకుని, ఒకటి చల్లారేలోగా రెండోది. తర్వాత పైరెప్పను కిందికి, కిందిరెప్పను పైకి మెల్లగా నిమరడం. పోగు లాగిన ప్రతిసారీ ఒకసారి రెప్ప వేయమన్నాను. అది అలవాటు కావడానికి నన్ను తిట్టుకుంటూ నెల తీసుకుంది.

రెండో నెలలో ఒక వయొలిన్ వాద్యకారుడు నల్లకోటు తెచ్చాడు. భుజం కింద బొత్తామంత చిల్లి. బాబాయి కుదరదనబోయారు. పిన్ని కోటు అందుకుని కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుంది.

మర్నాడు అతను కోటు చేతిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, రఫూ జాడ వెతికి, చివరికి ఒకచోట వేలు పెట్టాడు. పిన్ని ముఖం వెలిగిపోయింది.

"అది కోటు కుట్టినవాడి కుట్టు నాయనా. నాది ఇంకా పైనుంది."