సాంబ్రాణి కుంపట్లో కాలిన పేరు

అది రెండు వేల ఇరవై మూడు. ఉయ్యూరు చుట్టుపక్కల వరి కోతకొచ్చిన రోజులు. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారం చేసే కిరణ్ బాబు ఇంట్లో, పసిపిల్లకు నీళ్లు పోయడానికి నన్ను పిలిచారు. మా ఆయన పోయినప్పటి నుంచి నాకిదే బతుకుతెరువు. కాళ్లు బారచాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి నీళ్లు పోస్తాను. ఇప్పటివాళ్లు దీన్నే బేబీ మసాజ్ అంటున్నారు. ఆఖర్న కుంపట్లో సాంబ్రాణి వేసి, ఆ పొగకు జుట్టు ఆరబెడతాను.

ఆ ఇంటి కోడలు హరుకా, జపాన్ పిల్ల. కిరణ్ బాబు సరుకు పని మీద అక్కడికి వెళ్లినప్పుడు పరిచయమైందట. తెలుగు బాగానే నేర్చుకుంది కానీ, ప్రతి మాటకూ ‘అండి’ తగిలించేది. పిల్లి అడ్డొచ్చినా “జరగండి” అనేది.

పాప పుట్టిన ఏడో రోజున వెళ్లేసరికి ఉయ్యాల పైన గోడకు తెల్ల కాగితం, దాని మీద లావుపాటి నల్ల గీతలు. నాకు తెలుగు అక్షరాలే సరిగా రావు. పచ్చిబిడ్డ తలాపున నల్ల గీతలేమిటి, ఎవరో చేతబడి చేశారనుకున్నాను. ఎవరినీ అడగలేదు. పీకేసి, దాంతోనే బొగ్గులు రాజేశాను.

హరుకా వచ్చి గోడ వైపు చూసింది.

“పాప పేరు ఏది అండి?”

“పేరేంటమ్మా?”

“కాగితం అండి. మా దేశంలో ఏడో రోజు పేరు రాసి గోడకు పెడతాం.”

నా చేతిలో విసనకర్ర ఆగిపోయింది. “తల్లీ, అది కుంపట్లో ఉంది.”

ఇంతలో ఆమె అత్తగారు రాజ్యలక్ష్మమ్మ గారు గుమ్మంలోకి వచ్చారు. “పోతే పోయిందిలే. పురుడు వెళ్లకుండా పేరేమిటి? ఇరవై ఒకటో రోజున బారసాల చేస్తాంగా, మంచి పేరు చూసి పెట్టుకుందాం. ఆ మినోరి గినోరి ఎవరికి తెలుస్తుంది, అర్థమా పర్థమా!”

హరుకా ఏడవలేదు. “సరే అండి. మీరే పెట్టండి,” అని అటు తిరిగి పడుకుంది. ఆ ‘సరే అండి’ ముల్లులా గుచ్చుకుంది నాకు. అత్తగారు నోటితోనే వద్దన్నారు. నేను ఏకంగా తగలబెట్టాను. ఆ పేరు పోతే పాపం నాదే.

మర్నాడు బిడ్డను కాళ్ల మీద వేసుకుని, సున్నిపిండి పళ్లెం హరుకా ముందుకు తోశాను.

“తప్పు చేశాను తల్లీ. నాకు చదువు రాదు. ఆ పేరేదో ఇందులో గీసి చూపించు.”

హరుకా లేచి కూర్చుంది. తర్వాత పిండిలో వేలు పెట్టింది. ఎడమ పక్కన ఒక నిలువు గీత, దాని నెత్తిన పక్కకు వాలిన చిన్న గీత, అటూ ఇటూ ఆకుల్లాంటి గీతలు.

“ఇది వరి అండి. పండితే తల ఇలా...” అని మెడ వంచి చూపించింది. “మినోరి అంటే పంట పండటం.”

అదే పేరును వాళ్లు వేరే అక్షరాలతోనూ రాస్తారట. అక్షరం మారితే అర్థమూ మారుతుందట. వాళ్ల తాతయ్య వరి రైతు గనక, ఏరి ఏరి ఈ అక్షరం పెట్టుకుందట.

నా గొంతు అసలే గరుకు. సంతోషమొస్తే వీధి చివరికి వినబడుతుంది. “అమ్మగారూ! వసారాలో పిచ్చుకలకు కట్టిన వరికుచ్చులోంచి ఒక కంకి పట్టుకురండి!”

“బిడ్డకు నలుగు పెడుతున్నావా, కోతలకు వెళుతున్నావా నాగమ్మా?” అంటూనే తెచ్చారు. కంకిని ఆ గీతల పక్కన పెట్టాను. ఆవిడ పిండిని చూశారు, కంకిని చూశారు, కోడల్ని చూశారు.

“జపాన్‌లో వరి పండుతుందా? పచ్చి చేపలే తింటారనుకున్నానే!”

“చేప కింద అన్నమే ఉంటుంది అండి,” అంది హరుకా. “పండిన కంకిలాగే పెద్దయిన మనిషి కూడా తల వంచాలి అని తాతయ్య చెప్పేవారు అండి.”

రాజ్యలక్ష్మమ్మ గారు పీట లాక్కుని కూర్చున్నారు. “మా మామగారూ ఇదే మాట అనేవారు. తలెత్తుకు నిలబడిందంటే అది గింజలేని తాలు కంకే అని. ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా అమ్మాయ్?”

“మీరు అడగలేదు అండి.”

ఇద్దరం తలలు వంచుకున్నాం. పండి కాదు, సిగ్గుతో.

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోశారు. కిరణ్ బాబు ఉంగరంతో పేరు రాయబోతుంటే రాజ్యలక్ష్మమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

“పండిన కంకి పేరు మరపట్టిన బియ్యంలోనా? ఉయ్యూరు నుంచి మన పొలం కొత్త వడ్లు వచ్చాయి, అవి పోయండి!”

పంతులుగారు బియ్యమే ఆనవాయితీ అన్నారు. ఆవిడ వినలేదు. వడ్లలో కిరణ్ బాబు తెలుగులో రాస్తే, పక్కనే హరుకా తల వంచిన కంకి గీసింది. నాయనమ్మ బిడ్డ చెవిలో ముమ్మారు “మినోరీ” అని పిలిచారు. బిడ్డ పెద్దగా ఆవులించింది. ఇల్లంతా ఒకటే నవ్వు.

ఇన్నేళ్ల పనిలో పసిబిడ్డకు ఏది మంచో నాకే తెలుసనుకునేదాన్ని. ముందు తల్లిని అడగాలని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ పురుటింట్లోనైనా సరే, కుంపటి రాజేసే ముందు చేతిలో ఉన్నది పాత న్యూస్‌పేపరైనా బాలింత దగ్గరికి పట్టుకెళ్లి చూపిస్తాను.

“ఇందులో మీ బిడ్డ పేరు లేదు కదమ్మా?”