అందరూ తినే బిస్కెట్లు

బందరులో మా పెద్దమ్మాయి చదివే బడిలో పోయినేడాది నుంచి పుట్టినరోజులకు చాక్లెట్లు పంచడం మాన్పించారు. ప్యాకెట్ తిండి వద్దు, ఇంట్లో చేసినవి, ఒంటికి మంచివి మాత్రమే తేవాలని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. పిల్లల ఆరోగ్యం సంగతేమో గానీ, ఆ రోజు నుంచి అమ్మల ప్రాణానికి సుఖం లేకుండా పోయింది. ఒకావిడ జొన్నపిండి బిస్కెట్లు చేసి పంపితే, వారం తిరక్కుండా ఇంకొకావిడ అవిసె గింజల బిస్కెట్లు చేసి ఫోటోతో సహా గ్రూపులో పెట్టేది. మిగతా అందరం కింద చప్పట్ల బొమ్మలు పెట్టేవాళ్లం. నేనూ పెట్టేదాన్ని, లోపల కుళ్లుకుంటూనే.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. తప్పు పట్టడం నా ఉద్యోగం, నా తప్పు ఇంకొకరు పడితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అత్తగారికి మరీ బాగా తెలుసు.

పెద్దదానికి తొమ్మిది నిండబోతున్నాయి. పుట్టినరోజు సోమవారం పడింది. పది రోజుల ముందే వంటింటి గుమ్మంలో నిలబడి షరతు పెట్టింది.

"అమ్మా, ఈసారి అందరూ తినేవి చెయ్యాలి."

"అందరూ తినేవేగా చేసేది? ఎవరూ తినకపోతే చెయ్యడం దేనికే?"

"అందరూ అంటే అందరూ," అంది.

అప్పుడు చెప్పింది తన బెంచీ స్నేహితురాలి గురించి. ఆ పిల్లకు గోధుమలు పడవు. మైదా, రవ్వ, సేమ్యా, గోధుమతో చేసినది ఏదైనా సరే, కాస్త లోపలికి వెళ్తే చాలు, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంది. రెండో క్లాసులో నెలల తరబడి చిక్కి సగమైపోతే, విజయవాడ తీసుకెళ్లి చూపించాక గానీ ఆ సంగతి తేలలేదట. బడిలో ఎవరి పుట్టినరోజైనా ఆ పిల్ల చెయ్యి చాపి బిస్కెట్టు తీసుకుంటుంది, థాంక్యూ చెబుతుంది, నీలం మూత ఉన్న డబ్బాలో పెట్టుకుంటుంది. ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాన్నకు ఇస్తుంది.

"జొన్నవి చేశారుగా ఒకళ్లు?" అన్నాను.

"వాటిలో గోధుమపిండి కూడా కలిపారంట. అవి చేసిన ఆంటీనే చెప్పారు."

"క్లాసులో దాన్ని ఏడిపిస్తారా?"

"ఎవరూ ఏడిపించరమ్మా. అందరూ మర్చిపోతారంతే."

ఆ మాట నన్ను పట్టుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల మర్చిపోకుండా గుర్తుపెట్టుకున్నందుకు గర్వంగానూ అనిపించింది. "ఇంతేగా, గోధుమ ముట్టుకోకుండా చేస్తాను, చూస్తూ ఉండు," అని మాట ఇచ్చేశాను. గ్రూపులో పెట్టబోయే ఫోటో కూడా అప్పుడే కళ్ల ముందు కనిపించింది, అబద్ధం ఎందుకు.

రాగులు, కాస్త బియ్యం, బెల్లం, నెయ్యి, నువ్వులు, యాలకులు. లెక్క కుదిరింది. రాగులు కడిగి డాబా మీద ఎండబెట్టే పని పిల్లలిద్దరిదీ. ఐదేళ్ల చిన్నది పిచ్చుకలను తోలుతానని కర్ర పట్టుకుని కూర్చుని, పిచ్చుకలకే గుప్పెడు పోసి వచ్చింది. శుక్రవారం కాలేజీ నుంచి రాగానే రాగులూ బియ్యం రెండు డబ్బాల్లో పోసుకుని, స్కూటీ మీద ఇద్దర్నీ ఎక్కించుకుని, మా సెంటర్లోని పిండి మరకు వెళ్లాను.

నాకు ముందు ఒకావిడ గోధుమలు పట్టించుకుంటోంది. నా వంతు రాగానే నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను. "పొద్దున్నించి కారం ఏమైనా పట్టారా అండీ?"

"లేదండీ, కారం మంగళవారమే," అన్నాడు మరాయన. ముందావిడ డబ్బాలో ఆఖరి పిండి రాలుతుండగానే నా రాగులు పైన పోశాడు. మర ఆగలేదు. ఆపాల్సిన అవసరం ఎవరికుంది? వెచ్చటి పిండి వాసనకు చిన్నది ముక్కు ఎగబీల్చి తుమ్మింది. మేం ముగ్గురం వెనక్కి వచ్చేసరికి కనుబొమల మీద కూడా పిండే.

మా ఇంట్లో ఓవెన్ ఉంది. అందరూ కేకులు నేర్చుకున్న కాలంలో కొన్నదే. ఆ తర్వాత సముద్రపు గాలికి అప్పడాలు మెత్తబడకుండా దాచుకోవడానికి దానికంటే మంచి చోటు లేదని మా అత్తగారు కనిపెట్టారు. అప్పడాలకూ మినప వడియాలకూ వేరే కాపురం పెట్టించి, శనివారం పొద్దున్నే దాన్ని తుడిచి వెలిగించాం.

మొదటి వాయి పాడైంది. బెల్లం కనిపిస్తే పాకం పట్టకుండా ఉండలేని చేతులు మా అత్తగారివి. నేను ట్రేకు నెయ్యి రాసేలోపు ఆవిడ బెల్లాన్ని ముదురు పాకం పట్టి పిండిలో పోసేశారు. బిస్కెట్లు చూడ్డానికి ముచ్చటగానే వచ్చాయి. ఒకటి కింద పడితే నేల మీద గచ్చు పెచ్చు లేచింది. "నావి కట్టుడు పళ్లమ్మాయ్, నన్ను వదిలెయ్," అన్నారు ఆవిడ, పాకం పట్టింది తను కానట్టు.

రెండో వాయికి బెల్లం కోరి వేశాం. పెద్దది చేపలు చేసింది, పీతలు చేసింది. చిన్నది ఆర్టీసీ బస్సు చేసింది, అదీ గుడివాడ బస్సట, ఏ ఊరిదో నాకు ఎలా తెలుస్తుందని అడిగితే నా వైపు జాలిగా చూసింది. ఓవెన్ అద్దానికి ముక్కులు ఆనించి ఇద్దరూ కాపలా కాశారు. ఈసారి కొరికితే కరకరమని విరిగి, నోట్లో వెన్నలా కరిగాయి. మా ఆయన ముదినేపల్లిలో తను చూసుకునే చేపల చెరువుల దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చి, చేతులు కడుక్కోకుండానే నాలుగు తిన్నాడు. ముప్పై ఆరు లెక్కపెట్టి డబ్బాలో పెట్టాను. క్లాసులో పిల్లలు ముప్పై ఐదు, టీచరు ఒకరు. ఫోటో కూడా తీశాను.

పెద్దది మాత్రం డబ్బా మూత పెట్టనివ్వలేదు. "ముందు ఆంటీకి చూపించాలి. దానికి ఏదైనా పెట్టేముందు వాళ్లమ్మని అడగాలి."

"నేను గోధుమ వెయ్యలేదని చెబుతుంటే మళ్లీ అడగడం ఏంటే? నా మీద నమ్మకం లేదా?" నాకు నిజంగానే కోపం వచ్చింది. అది ఏడవలేదు, వాదించలేదు. వెళ్లి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. సరే, రేపు ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక వెళ్దాం, ఇంట్లో ఉంటారు అని ఒప్పుకున్నాను. మెచ్చుకోలు ముందుగానే అందుతుంది కదా అని కూడా అనుకున్నాను.

వాళ్ల ఇల్లు మంగినపూడి వెళ్లే రోడ్డులో ఉంది. ఆ పిల్ల వాళ్లమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చి, పట్టుచీర మార్చుకోకుండానే మాకు మజ్జిగ ఇచ్చింది. నేను డబ్బా మూత తీశాను. ఆవిడ ముఖం విచ్చుకుంది.

"అయ్యో, ఎంత శ్రమ పడ్డారండీ! రాగులేనా?"

"రాగులు, బియ్యం, అంతేనండీ. గోధుమ గింజ తగల్లేదు."

 అడగాలా వద్దా అని ఆవిడ మొహమాటపడటం నాకు కనిపిస్తూనే ఉంది. "పిండి ఇంట్లోనే చేశారా అండీ, మరకిచ్చారా?"

"మరకేనండీ. నా కళ్ల ముందే పట్టించాను," అన్నాను ధీమాగా. అన్నాక నాకు నా మాట వినిపించింది. ముందావిడ డబ్బా, అందులోకి రాలుతున్న తెల్లటి పిండి, ఆగని మర, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. కారం గురించి అడిగి మరీ పోయించిన దాన్ని, గోధుమల గురించి అడగాలని నాకు తట్టనే లేదు. కారం తర్వాత తమ బియ్యం ఎవరూ పొయ్యనివ్వరు. గోధుమల తర్వాత పోస్తే ఎవరికి పట్టింపు?

"పర్లేదండీ," అంది ఆవిడ గబగబా. "మొదట్లో నేనూ మరకే ఇచ్చేదాన్ని. ఎందుకు తగ్గట్లేదో తెలియక ఎన్ని తిప్పలు పడ్డామో! ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారండీ, ఇప్పుడు ఆ డబ్బా మీద రాసింది కూడా చదివే కొంటున్నాను. మీరు దీని గురించి ఇంత ఆలోచించారు, అది చాలండీ."

అప్పుడు ఆ పిల్ల చేసిన పని నేను మర్చిపోలేను. లోపలికి వెళ్లి నీలం మూత డబ్బా తెచ్చుకుంది. చెయ్యి చాపి, డబ్బాలోంచి పీత ఆకారంలో ఉన్న బిస్కెట్టు తీసుకుంది. "థాంక్యూ ఆంటీ, చాలా బావుంది," అంటూ దాన్ని తన డబ్బాలో పెట్టుకుని మూత నొక్కింది. ముఖంలో నొచ్చుకున్నట్టు ఏమీ లేదు. అలవాటైపోయింది. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. మా పెద్దది నా వైపు చూడకుండా గోడ మీది క్యాలెండర్ చూస్తోంది.

"రేపటికి చేద్దామండీ," అన్నాను. "మళ్లీ చేద్దాం. ఎలా చెయ్యాలో మీరు చెప్పండి."

"మీ ఇంట్లో గిన్నెలు, ట్రేలు అన్నిటికీ గోధుమ తగిలి ఉంటుందండీ..." అంటూ ఆవిడ నసిగింది.

ఆ పిల్ల మధ్యలో అందుకుంది. "మనింట్లో చేద్దాం మమ్మీ. మన గిన్నెలున్నాయిగా. నాకొచ్చుగా."

అంతే, ఆ క్షణం నుంచి వంటింటి పెత్తనం ఆ పిల్లదే. ముందు మా ముగ్గురి చేతా మోచేతుల దాకా సబ్బుతో కడిగించింది. నా చున్నీకి పిండి ఉందేమోనని అనుమానించి, వాళ్లమ్మ చున్నీ తెచ్చి నా చేతిలో పెట్టింది. మా చిన్నదాని గోళ్లు తనిఖీ చేసి, రెండు వేళ్లు మళ్లీ కడిగించింది. నాలుగో క్లాసు పిల్ల నన్ను అలా నిలబెట్టి తప్పులు పడుతుంటే నాకు ఒళ్లు మండాలి. మండలేదు.

వాళ్ల ఇంట్లో మిక్సీలో ఆడి జల్లించుకున్న బియ్యప్పిండి సీసా నిండా ఉంది. ముప్పై ఆరింటికి అది చాలదని, ఇంకొన్ని బియ్యం నానేసి, ఫ్యాను కింద బట్ట మీద ఆరబోసి, మేమే ఆడుకున్నాం. వేయించిన వేరుశనగలు దంచి కలిపాం. పెద్దది బెల్లం కోరుతూ పాకం సంగతి చెబితే, ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్లకు ఓవెన్ లేదు. మందపాటి గిన్నె అడుగున కల్లుప్పు పోసి, మీద చిన్న స్టాండు, దాని మీద పళ్లెం, పైన బరువు మూత. సన్నని మంట. వాయికి ఎనిమిదే పడతాయి.

"ఆ ఒక్కదానికి విడిగా నాలుగు చేస్తే చాలు కదండీ, మిగతా వాళ్లకి మీవి ఉన్నాయి," అంది వాళ్లమ్మ, మా అవస్థ చూడలేక.

"వద్దు ఆంటీ," అంది మా పెద్దది. "విడిగా వద్దు. అందరికీ ఇవే."

ఐదు వాయిలు పట్టింది. మధ్యలో ఆవిడ అన్నం, చేపల పులుసు పెడితే తిన్నాం. మా చిన్నది ఈసారి చర్చి చేసింది, గంటతో సహా. నాలుగో వాయి కాస్త మాడింది, అంచులు గీకాం. ఆకారాలు సరిగ్గా రాలేదు, చేపలన్నీ పళ్లెంలో చదునుగా పరుచుకున్నాయి. గ్రూపులో పెట్టదగ్గ ఫోటో ఒక్కటీ రాలేదు. అసలు ఫోను ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి జరిగింది చెబితే మా అత్తగారు బుగ్గన వేలేసుకున్నారు. "కారం అయితే అడిగావు కదమ్మాయ్!" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. రాగి చేపలూ గుడివాడ బస్సులూ మర్నాడు మా ఆయనతో పాటు ముదినేపల్లి వెళ్లి, చెరువు గట్టు మీద పనివాళ్ల టీలో మునిగాయి.

సోమవారం కాలేజీలో ఏ క్లాసులో ఏం చెప్పానో నాకు తెలియదు. ఒక లెక్కలో గుర్తు తప్పు వేస్తే వెనక బెంచీ అబ్బాయి సరిచేశాడు, థాంక్యూ చెప్పాను. క్లాసంతా నన్ను వింతగా చూసింది. నాలుగున్నరకు బడి గేటు దగ్గర నిలబడ్డాను. పెద్దది కొత్త గౌను మీద బెల్లం మరకలతో, ఖాళీ డబ్బా ఊపుకుంటూ వచ్చింది.

"అందరూ తిన్నారా?"

"తిన్నారు. టీచర్ రెండు తిన్నారు. ఒకడు మాడింది వచ్చిందని గొడవ చేశాడు."

"మరి అది?"

"ఇవ్వగానే తినేసింది. నీలం డబ్బా బ్యాగులోంచి తియ్యనే లేదు."

"ఏమంది? థాంక్యూ చెప్పిందా?"

పెద్దది ఆగి, ఆలోచించి, తల అడ్డంగా ఊపింది.

"లేదమ్మా. నోటినిండా ఉంది కదా."